పసుపు కాయితాలు

బాగాయంలో కళ్ళద్దాల అంగడిలో పగలంతా నిలబడి, వేలూరులో బస్సు మారి, గుడియాత్తంలో దిగేసరికి జెసింత కాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. ఆ గురువారం బస్సులో సీటు కూడా దొరకలేదు. సంచిలో నిమ్మకాయలు, సబ్బుముక్క, చిన్న డబ్బాలో సున్నం, కాయితంలో చుట్టిన చింతపండు ఉన్నాయి. పసుపు మాత్రం లేదు. కొనాలని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉంది. దిగి నడుస్తుంటే గుర్తొచ్చింది. మళ్ళీ వెనక్కి బజారుకు పోవాలంటే ఏడుపొచ్చింది.

వెంకటమ్మ ఇంటి ముందరి తిన్నె అరుగు మీద పిల్లలు అప్పటికే గొడవ మొదలుపెట్టారు. సాయంత్రపు బడి అంటే ఆ తిన్నే. దానికి బెంచీ లేదు, బోర్డు లేదు. జెసింతకు వేలూరులో ఇచ్చిన ట్రైనింగంతా ఇంట్లో దొరికే వస్తువులతో సైన్సు ఎలా చెప్పాలనే. పుస్తకం తమిళం, పిల్లల నోట్లో తెలుగు. రెండూ కలిపి ఎలాగో బండి నడిపిస్తోంది. లుంగీల వ్యాపారం చేసే తిరువేంగడం భార్య వెంకటమ్మ ఈ తిన్నె ఇవ్వకపోతే ఆ బండి కూడా లేదు. ఇచ్చిన మాట నిజమే, కానీ ఇచ్చినానన్న మాట ఆమె రోజుకొకసారైనా అనకుండా ఉండదు.

"సుమితా, అవ్వనడిగి రవ్వంత పసుపు తెస్తావా?" అంది జెసింత.

సుమిత వెంకటమ్మ మనవరాలు. అమ్మానాన్నలు తిరుపత్తూరులో అంగడి చూసుకుంటుంటే ఇక్కడ అవ్వ దగ్గరుండి నాలుగో తరగతి చదువుతోంది. లోపలికి పరిగెత్తి కాయితం పొట్లం తెచ్చింది. దాని మీద కుంకుమ మరకలున్నాయి. గంగమ్మ గుడిలో ఇచ్చిన పసుపు. వంటింటి డబ్బా అందక, దేవుడి గూట్లో ఉన్నది లాక్కొచ్చింది పిల్ల. జెసింత పొట్లాన్ని చూసింది. తిరిగి పంపిద్దామా అనుకుంది. పంపితే మళ్ళీ అడగాలి, చెప్పాలి, వివరించాలి. గిన్నెలో వేసి కలిపేసింది.

తెల్లకాయితాలు పసుపునీళ్ళలో ముంచి, విసనకర్రతో విసిరి, సన్నగా కత్తిరించారు. నిమ్మరసం తగిలిస్తే పసుపు పసుపుగానే ఉంది. చింతపండుకూ అంతే. సబ్బునీళ్ళు తగలగానే ముకేష్ అనే పిల్లవాడు ఎగిరి గంతేశాడు.

"సెవప్పు ఆయిడుచ్చు మిస్! ఎర్రగా అయిపాయె!"

సున్నానికి ఇంకా ఎర్రబడింది, ఆరతి పళ్ళెంలో నీళ్ళ రంగు. పిల్లలందరూ ఒకేసారి అరిచారు. తిరువేంగడం లోపల్నుంచి, "ఏందిరా ఆ కూతలు, వీధి లేసిపోతాంది" అన్నాడు. ఆ అరుపులు వింటే మాత్రం జెసింతకు కాళ్ళ నొప్పి కాసేపు గుర్తుండదు. దానికోసమే వస్తోందేమో కూడా.

"కాయితాలు ఇంటికి తీసుకుపోండి. ఇంట్లో ఏయేదానికి ఎర్రబడతాదో, ఏయేదానికి పడదో చూసుకోనిరండి" అంది.

శనివారం బస్సు దిగి వస్తుంటే చెల్లమ్మ, కాలనీవాళ్ళ పలుకులో సెల్లమ్మ, తన ఇంటి ముందర రాయి మీద కూర్చుని కనిపించింది. ఆ వేళప్పుడు ఆమె వెంకటమ్మ ఇంట్లో గిన్నెలు తోముతూ ఉండాలి. జెసింత ఉండే కాలనీలోనే ఆమె కూడా. వరసకు ఏమీ కాదు, అయినా చిన్నప్పట్నుంచీ చిన్నమ్మా అనే పిలుపు.

"ఏంది చిన్నమ్మా, ఒళ్ళు బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉండాది. పని పాయె" అంది సెల్లమ్మ. రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుంది, ఎవరికీ కనపడకూడదన్నట్టు. "నీ పాఠమే గదా పాపా నన్ను దొంగను జేసింది."

శుక్రవారం వెంకటమ్మ నూనె తలంటుకుంటూ ముక్కుపుడక తీసింది. తర్వాత చూస్తే లేదు. ఇల్లంతా గాలిస్తుంటే సుమిత తన పసుపు కాయితాలు తెచ్చి ఆట మొదలుపెట్టింది. అవ్వ చేతికి తగిలిస్తే పసుపు. తాత చేతికి పసుపు. అప్పుడే పెరట్లో గిన్నెలు తోమి, చెయ్యి కొంగుకైనా తుడుచుకోకుండా లోపలికొచ్చిన సెల్లమ్మ చేతికి తగిలిస్తే ఎర్రగా అయింది.

"ఆ పిల్లకు అది ఆట. నవ్వింది గూడా. పెద్దామె నవ్వలా. 'అది యాడి పసుపో తెల్సా, గంగమ్మ పసుపు, అమ్మ చూపిచ్చింది' అనింది. నేను మా ఏసుప్రభువు మీద ఒట్టేసినాను. ఆమెకు గంగమ్మ చెప్పిందే మాట. నా మాటెవురికి గావాల?"

"అది సబ్బుకు ఎర్రబడింది చిన్నమ్మా! సబ్బు తగిల్తే ఎవురి చేతికైనా అంతే!"

"నాకేం తెల్సు నాయనా. చేతిలో సబ్బు లేకుండా నేను ఎప్పుడుండినాను?" అంది సెల్లమ్మ. "ఆమె మాన్పిచ్చిందని తక్కిన ఇండ్లోళ్ళు గూడా రావద్దన్నారు. ఈ వీధి పోతే నాకింకే వీధి ఉండాది?"

జెసింతకు ఒళ్ళు మండింది. ముందు వెంకటమ్మ మీద, తర్వాత తన మీద. రవ్వంత పసుపు కొనుక్కోవడానికి బద్ధకించిన తన కాళ్ళ మీద కూడా.

ఆదివారం చర్చిలో ప్రార్థన ఏదీ తలకెక్కలేదు. సోమవారం పిల్లలకన్నా ముందుగా పోయింది. వెంకటమ్మ గడప లోపల పీట వేసుకుని పూలు కడుతోంది. జెసింత తిన్నె మీదే నిలబడింది. ఇన్నాళ్ళుగా వస్తున్నా ఆ గడప దాటమని ఎవరూ అనలేదు, తనూ దాటలేదు. ముక్కుపుడక లేని వెంకటమ్మ ముక్కు వేరే ఎవరిదోలా ఉంది.

"అమ్మా, ఒక్క నిమిషం చూడండి" అని తొట్టి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు రుద్దుకుంది. సరిగ్గా కడుక్కోకుండానే వచ్చి, సంచిలోంచి పసుపు కాయితం తీసి అరచేతికి అద్దింది. ఎర్రబడింది. "చూసినారా? నేనేం తీసినానని ఎర్రబడింది? ఇది సబ్బు గుణం అమ్మా. మీరు రుద్దుకున్నా ఇంతే."

వెంకటమ్మ దారం ముడి పళ్ళతో తెంపింది.

"మంచిదే. నువ్వు సదువుకున్నదానివి, ఏమైనా చేసి చూపిస్తావు. ఇది నీ పసుపు. ఆ దినంది గంగమ్మది."

"ఏ పసుపైనా ఒకటే అమ్మా."

"ఒకటే అని నీకు. మీరు గుడికి రారు గదా."

ఆ 'మీరు' ఎంతవరకు వచ్చి తగలాలో అంతవరకూ తగిలింది. జెసింత నోట్లో మాట ఉంది. సెల్లమ్మ ఎన్నేళ్ళుగా ఈ ఇంట్లో పెట్టెలు, బీరువాలు, అన్నీ తుడిచిందో అడగొచ్చు. అప్పుడు పోనిది ఇప్పుడెలా పోయిందని అడగొచ్చు. ఈలోగా పిల్లలు సంచులు ఊపుకుంటూ వచ్చేశారు. వెంకటమ్మ పూలబుట్ట ఎత్తుకుని, "పాఠం చెప్పుకో పో, పిలకాయలొచ్చినారు. తిన్నె నీకోసమే కడిగిచ్చినాను" అంది. ఎవరి చేత కడిగించిందో చెప్పలేదు. తడి ఇంకా ఆరని తిన్నె మీద మనవరాలి పాదాల గుర్తులున్నాయి.

ఆ పూట ఉల్లిపాయ వేళ్ళు చూపించి తొందరగా ముగించింది. పిల్లలు పోతుంటే ముకేష్ తన ఇంటి లెక్క అప్పజెప్పాడు. "మా ఇంట్లో సబ్బుకు ఎర్రగయ్యె మిస్, వంటసోడాకు అయ్యె. పెరుగుకు కాలేదు. మా నాయన చెమటకు గూడా కాలేదు." వాడి మొహం చూసి నవ్వకుండా ఉండలేకపోయింది. ఈ పిల్లవాడికి ఉన్నపాటి బుర్ర వీధిలో ఒక్క పెద్దమనిషికుంటే చాలు కదా అనుకుంది.

మంగళవారం వెంకటమ్మే ఎదురొచ్చింది. "లోపలికి రా" అంది.

జెసింత చెప్పులు విప్పి గడప దాటింది. హాల్లో తిరువేంగడం వాలుకుర్చీలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అది చదువుతున్నట్టు లేదు, దాక్కున్నట్టుంది. వంటింటి పక్క వసారాలో సుమిత గోడకానుకుని నిలబడి గోళ్ళు కొరుకుతోంది. పెరట్లో తీగ మీద శుక్రవారం నాటి నూనె మరకల చీర ఉతికి ఆరేసి ఉంది.

వెంకటమ్మ పిడికిలి విప్పింది. ముక్కుపుడక.

"దొరికిందా!" జెసింతకు గొంతు లేచింది. "యాడుండింది అమ్మా?"

"మెల్లగా" అంది వెంకటమ్మ. వీధి వైపు చూసింది. "నా కొంగు ముడిలోనే ఉండింది. తలంటుకునేటప్పుడు ముడేసుకున్నాను, మర్సిపోయినాను. ఆ చీర అట్లనే బకెట్లో పడుండింది. ఉతికేదానికి మనిషి లేదు గదా. ఇంక వాసనొస్తా ఉందని ఈపొద్దు నేనే ఉతికినాను. పాప పిండతా ఉంటే చేతికి తగిలింది."

సెల్లమ్మ ఉండుంటే శుక్రవారం సాయంత్రమే ఆ ముడి విప్పి, పుడక తెచ్చి ఆమె చేతిలో పెట్టి ఉండేది. ఆ మాట జెసింతకు తట్టినట్టే వెంకటమ్మకూ తట్టిందేమో, చూపు తిప్పుకుంది.

"సరే అమ్మా. చిన్నమ్మకు చెప్పొస్తాను. వీధిలో గూడా చెప్పేద్దాం."

"ఏమని చెప్తావు?"

జెసింత ఆమె అరచేతిలోని పుడకను చూసింది.

"గంగమ్మ మీద పెట్టి చెప్పినాను నాయనా, అందురి ముందరా. ఇప్పుడు నా కొంగులోనే ఉండిందని చెప్తే నేను ఈ వీధిలో తల ఎట్ల ఎత్తేది? అమ్మవారి పసుపు అబద్ధం చెప్పిందనేదా?" వెంకటమ్మ గొంతు తగ్గించింది. బెదిరింపు కాదు అది. అలిసిపోయిన ముసలమ్మ బతిమాలడమే, అందుకే ఇంకా కష్టంగా ఉంది. "నువ్వొక మాట చెప్పు సాలు. ఆ దినం పసుపునీళ్ళలో నువ్వేందో కలిపేసినావు, కాయితాలు చెడిపోయినాయి, అందుకే ఎర్రబడింది అను. తప్పు అమ్మవారిది గాదు, నాది గాదు. సెల్లమ్మది గూడా గాదు. రేపటి నుంచి ఆమె పనికి రానీ. నేనే పిలుస్తాను, తక్కినోళ్ళకూ చెప్తాను."

"మరి ఇది?" జెసింత పుడక వైపు చెయ్యి చూపించింది.

"కొత్తది చేపిచ్చుకున్నానంటాను."

"తప్పు నాదవతాది గదా అమ్మా."

"నువ్వు చిన్నదానివి. సదువు చెప్పేటప్పుడు తప్పులు రావా? నాలుగు దినాలకు ఎవురికీ గుర్తుండదు" అంది వెంకటమ్మ. పుడకను మళ్ళీ పిడికిట్లో మూసుకుని, "తిన్నె ఎప్పటికీ నీదే అనుకో" అంది. ఇంతకుముందు అడగకపోయినా ఉన్న తిన్నె. ఇప్పుడు ఇస్తానంటుంటే దాని అర్థం వేరు.

పేపరు వెనకనుంచి తిరువేంగడం, "అట్ల చెప్తే అందురికీ మంచిది" అన్నాడు. సుమిత గోరు కొరకడం ఆపి జెసింతనే చూస్తోంది.

జెసింత ఆలోచించి చెప్తానంది. కాలనీకి పోయి సెల్లమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెప్పకుండా దాచడం కుదరదు, ఇది ఆమె బతుకు. పుడక దొరికిందని వినగానే సెల్లమ్మ రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం, స్తోత్రం" అంది. తర్వాత మిగతాది విని చేతులు దించింది.

"నేను అట్ల చెప్పను చిన్నమ్మా" అంది జెసింత. "ముక్కుపుడక ఆమె కొంగులోనే దొరికిందని వీధి నడిమధ్యన నిలబడి చెప్తాను. తిన్నె పోతే పోనీ."

"తిన్నె పోతే నీకు పోతాది. పని పోతే నాకు పోతాది" అంది సెల్లమ్మ. కోపంగా కాదు, బియ్యంలో రాళ్ళేరినంత నిదానంగా. "నువ్వు నిజం చెప్పినావనుకో. పెద్దామె లేదంటాది. వీధంతా ఎవురి మాట నమ్ముతారు? నీ మాటా, ఆమె మాటా? నమ్మినా మళ్ళీ నన్ను ఇంట్లోకి పిలుస్తారా? ఆమెను అందురి ముందరా నిలబెట్టినదాన్ని?"

"మరి నీ పేరు, చిన్నమ్మా?"

"పేరుతో ఉడకేసుకోని తింటామా?" సెల్లమ్మ లేచి వచ్చి జెసింత గడ్డం పట్టుకుంది. "నాయనా, ఒక్క మాట గదా. నా కోసరం చెప్పు. నీ నోటికి ఏం అరుగుతాది?"

ఆ చేతికి సబ్బు వాసన లేదు. నాలుగు రోజులుగా పని లేని చెయ్యి. జెసింతకు వాదించే ఓపిక అయిపోయింది. నిజం చెప్పాలంటే, సెల్లమ్మ అలా అడగడం కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఇంక నిర్ణయం తనది కాదు కదా అని. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

బుధవారం పిల్లల్ని పిలుచుకుపోవడానికి తల్లులు వచ్చే వేళకు వెంకటమ్మ గడపలో నిలబడింది. సెల్లమ్మ వీధి అవతల కరెంటు స్తంభం దగ్గర, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. జెసింత తిన్నె చివర లేచి నిలబడి చెప్పింది.

"అందరూ ఒక్క నిమిషం. పోయిన గురువారం పసుపు కాయితాలు చేసినాం గదా. ఆ దినం పసుపునీళ్ళలో నేను తెలీకుండా సోడా కలిపేసినాను. కాయితాలు చెడిపోయినాయి. అందుకని దేనికంటే దానికి ఎర్రబడినాయి. సెల్లమ్మ చేతికి ఎర్రబడింది గూడా దానివల్లే. తప్పు నాది."

"అయ్యో కడవుళే, దేవుడా" అంది ఒక తల్లి. ఇంకొకామె మొహాన నవ్వు దాచుకోకుండా, "టీచరమ్మే ఇట్ల చేస్తే పిలకాయలేం నేర్చుకుంటారు?" అంది. వెంకటమ్మ పెద్ద మనసుతో, "పోనీ పాపం, పొద్దస్తమానం నిలబడి పని చేసొచ్చే పిల్ల, మర్సిపోయింది. సెల్లమ్మను నేను రేపట్నుంచి రమ్మంటాను" అంది. తల్లులందరూ తలలూపారు. పని అంత సులువుగా అయిపోయింది.

అయిపోయిందనుకునేలోగా ముకేష్ లేచాడు.

"మిస్, సోడా కలిస్తే కాయితం మొదలే ఎర్రగుండాల గదా? మన కాయితాలు పసుపుగా ఉండినాయే."

జెసింత వాడి వైపు చూసింది. ఆ మాట కోసం ఇన్నాళ్ళుగా ఎదురుచూసింది. చూసింది గుర్తుపెట్టుకుని, విన్నదాన్ని దానికి ఎదురుపెట్టి అడిగే ఒక్క పిల్ల కోసం. వేలూరు ట్రైనింగులో చెప్పింది ఇదే, సాయంత్రపు బస్సుల్లో నిలబడి ఆమె కలగన్నది ఇదే. స్తంభం దగ్గర సెల్లమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చింతపండుకు గూడా ఎర్రబడలేదు మిస్. దేనికంటే దానికి కాలేదు. నేను చూసినాను. సుమిత గూడా చూసింది, అడగండి."

అందరూ సుమిత వైపు తిరిగారు. సుమిత గడపలో ఉన్న అవ్వను చూసింది. తర్వాత తల దించుకుంది.

"నోరు మూసుకొని కూకో ముకేష్" అంది జెసింత. "నువ్వు సరిగ్గా చూసుండవు."

ఆ తిన్నె మీద ఆమె ఎవర్నీ అంతకుముందు అలా అనలేదు. ముకేష్ కూర్చున్నాడు. వాడి తల్లి వాడి నెత్తిన ఒకటి మొట్టింది, పెద్దవాళ్ళకు ఎదురు చెప్తావా అని.

గురువారం సెల్లమ్మ పనికి పోయింది. తక్కిన ఇళ్ళవాళ్ళు కూడా ఒక్కొక్కరే కబురు చేశారు. శుక్రవారం జెసింత బస్సు దిగి వచ్చేసరికి వెంకటమ్మ ఇంటి పక్క సందులోంచి సెల్లమ్మ తడి చేతులతో ఎదురొచ్చి, "సల్లగుండు నాయనా, నీ పేరు చెప్పుకోని తింటాండాను" అంది. మొహంలో రక్తం తిరిగొచ్చింది. ఆ మొహం చూసినప్పుడు తను చేసింది మంచిపనే అని జెసింతకు గట్టిగా అనిపించింది. తిన్నె దాకా నడిచేంతసేపు అలాగే అనిపించింది. వాకిట్లో వెంకటమ్మ కొత్తదని చెప్పుకుంటున్న పుడకతో కూర్చుని పక్కింటామెకు దాని చెక్కడం చూపిస్తోంది.

పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. ముకేష్ కూడా వచ్చాడు, కానీ చివర, గోడ వైపు. జెసింత సంచిలోంచి కొవ్వొత్తి, గాజుగ్లాసు, అగ్గిపెట్టె తీసింది. కొవ్వొత్తి వెలిగించి తిన్నె బండ మీద మైనం చుక్క వేసి నిలబెట్టింది. చీకటి పడుతున్న వేళకు మంట బాగా కనిపిస్తోంది.

"ఇప్పుడు దీని మీద గ్లాసు బోర్లిస్తాను. ఏమవతాదో చెప్పండి చూద్దాం. మంట అట్లనే ఉంటాదా, పెద్దదవతాదా, ఆరిపోతాదా?"

ఎవరూ అరవలేదు. మామూలుగా ఈపాటికి ఒకరి మీద ఒకరు పడి చెప్పాలి. చిన్నపిల్లలు పెద్దపిల్లల మొహాలు చూశారు.

"ముకేష్, నువ్వు చెప్పు. నువ్వేమనుకుంటావు?"

ముకేష్ లేచి చేతులు కట్టుకున్నాడు. "మీరేం చెప్తే అది మిస్" అన్నాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పి కూర్చున్నాడు.

"తప్పయినా పర్వాలేదు. మీకు తోచింది చెప్పండి. సుమితా?"

సుమిత కొవ్వొత్తి వైపు చూసింది, గ్లాసు వైపు చూసింది. దానికి తెలుసు, లేకపోతే తెలిసేలా ఉంది, కళ్ళలో కనిపించింది. పెదాలు కదిలాయి కూడా. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. లంగా సర్దుకుని లేచింది.

"ఉండండి మిస్" అంది. "అవ్వనడిగి చెప్తాను."

గడప దాటి లోపలికి పోయింది. వాకిట్లోంచి అప్పటికే లోపలికి పోయిన అవ్వను వెతుక్కుంటూ వంటింటి వైపు పోతున్న అడుగుల చప్పుడు వినిపించింది. తిన్నె మీద పిల్లలందరూ జవాబు కోసం తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. గ్లాసు చేత్తో పట్టుకుని జెసింత కూడా అటే చూసింది.